అరువు గొంతు – తొమ్మిదో భాగం

కిందటి వారం మనం చిలకను మేనేజరు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. లోపల పెద్దక్కను ప్రశ్నిస్తున్నారు. తలుపు వేసి ఉన్నా మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషే కావడంతో చిలకకు పదింట రెండు మాత్రమే అందుతున్నాయి.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఇది లిఫ్టులు పెట్టి, వాటి బాగోగులు చూసే కంపెనీ. ఎక్కడ ఏ లిఫ్టు ఆగిపోయినా, లోపల ఇరుక్కున్నవాళ్లు గంట బొత్తాం నొక్కితే ఇక్కడి ఫోన్ల గదిలో మోగుతుంది. ఫోనెత్తిన మనిషి ఇంగ్లీషులో ధైర్యం చెబుతూ, బల్ల కింద ఉన్న మీటను కాలితో నొక్కాలి. అప్పుడు దగ్గర్లో ఉన్న మెకానిక్కుకు కబురు వెళ్తుంది. ఆ గదిలో అందరికంటే పాత మనిషి పెద్దక్క. స్పేర్‌పార్టుల గోడౌనులో నట్లూ బోల్టులూ సర్దుకునే అమ్మాయిని, అంటే మన చిలకను, పైకి తీసుకొచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు నేర్పింది ఆవిడే. పరీక్ష పాసయ్యేదాకా చిలక వినాలే తప్ప ఫోనెత్తకూడదు.

ఎత్తింది. పెద్దక్క తలనొప్పి పట్టలేక, కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే చాలనుకుని, మేడ మీద నీళ్లట్యాంకు నీడకు వెళ్లినప్పుడు ఫోను మోగింది. చెక్క అడ్డు అవతలి సీటుకు మార్చాల్సింది పోయి, ఒక్కసారి నిజంగా మాట్లాడి చూద్దామన్న ఆశకొద్దీ చిలకే ఎత్తింది. అవతల వాచీలు బాగుచేసుకునే ఒక పెద్దాయన, ఉబ్బసం మనిషి. చిలక అక్షరం పొల్లుపోకుండా మాట్లాడింది. మీట మాత్రం నొక్కలేదు. ఎవరో తలుపు పగలగొట్టి బయటికి లాగేసరికి ఆయనకు స్పృహ లేదు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ ఫోను రికార్డు విన్నవాళ్లంతా ఇది పెద్దక్క గొంతే అన్నారు. ఫోన్ల గదిలో కెమెరా లేదు. మాటలు ఎలాగూ రికార్డవుతుంటే మనుషుల్ని చూడ్డం దేనికని కంపెనీవారి లెక్క.

మరి చిలక గొంతు పెద్దక్క గొంతెలా అయింది? ఆ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేం.

ఇంగ్లీషు కోసం చిలక పడని పాట్లు లేవు. అద్దం ముందు నిలబడి తనతో తానే మాట్లాడింది. పేపరు గట్టిగా చదివింది. రోజూ కొన్ని మాటలు బట్టీ పట్టి, తెల్లారేసరికి వాటన్నిటినీ భద్రంగా మరిచిపోయింది. ఇదంతా చూసి పెద్దక్క నవ్వింది.

"మాటలు ఏరుకుంటూ కూర్చుంటే మాటలే మిగుల్తాయే, మాట్లాడ్డం రాదు. చంటిపిల్లలు ఏం చేస్తారు? అమ్మ ఏదంటే అదే వెనకాల అంటారు. నువ్వూ అంతే చెయ్యి. పదిమందిని వినకు, ఒక్కళ్లని పట్టుకో. వాళ్లు అంటుండగానే కాస్త వెనకగా నువ్వూ అంటూ పో. అర్థం తర్వాత చూసుకుందాం. ముందు ఆ రాగం రావాలి, ఎక్కడ ఆగుతున్నారో అది రావాలి. నీ గొంతు రికార్డు చేసుకుని నువ్వే విను. సిగ్గేస్తుంది. వెయ్యనీ."

"ఎవర్ని పట్టుకోమంటావక్కా?"

"నన్నే పట్టుకో. ఇక్కడ ఇంకెవరున్నారు నీకు."

అలా పెద్దక్క తన పాత కాల్స్ కొన్ని చిలక సెల్లులో వేసి ఇచ్చింది. చిలక వాటిని అన్నం వారుస్తూ, బట్టలు ఆరేస్తూ, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ వింది, వింటూ అంది. ఇంట్లో అత్తగారు కూడా ఓ చెయ్యి వేసింది. ఆవిడ బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని తలుపు దబదబా బాదేది. "ఓరి నాయనో, ఇరుక్కుపోయాను, ఊపిరాడ్డం లేదు, ఎవరన్నా ఉన్నారా?" అని లోపల్నుంచి తెలుగులో కేకలు. బయట పీట మీద చిలక, గరిట చెవికి ఆనించుకుని, ఇంగ్లీషులో ఓదార్పు. బేకరీలో రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున్నే ఇల్లు చేరిన మొగుడు మొదటిరోజు నిజంగానే తలుపు మీదికి భుజం పెట్టి ఉరికాడు. తర్వాత్తర్వాత అలవాటు పడి, ఆ గోలలోనే నిద్రపోయేవాడు.

"ప్లీజ్ స్టే కామ్. ఐ యామ్ హియర్ విత్ యూ. యూ ఆర్ నాట్ అలోన్." ఇక్కడ చిన్నగా ఆగడం. ఆ తర్వాత, "హెల్ప్ ఈజ్ ఆన్ ది వే."

ఆ చిన్న ఆగడం చిలకకు భలే నచ్చింది. హుందాతనమంటే ఇదే కాబోలు అనుకుని దాన్నీ నేర్చుకుంది. పెద్దక్క అక్కడ ఆగేది కాలు మీట మీద పెట్టడానికని రికార్డులో ఎలా తెలుస్తుంది? మీట సంగతి చిలకకు తెలియక కాదు, మొదటిరోజే చూపించారు. కానీ ఇంట్లో పీట కింద మీట లేదు కదా. నోటికి వచ్చింది, కాలికి రాలేదు. పెద్దాయన ఫోను వచ్చిన రోజున సరిగ్గా ఆ చోటే ఆగింది, పెద్దక్క అంత అందంగానూ ఆగింది. ఆగి, తర్వాతి మాట చెప్పేసింది.

ఇదీ ఆమె నేరం. ఇప్పుడు ఆ నేరం పెద్దక్క మెడకు చుట్టుకుంటోంది. బయటపెట్టగలిగింది చిలక ఒక్కతే. బయటపెట్టాలనే నిశ్చయించుకుని వచ్చింది కూడా.

తలుపు తెరుచుకుంది. మేనేజరు బయటికి వచ్చి, వెనక తలుపు జాగ్రత్తగా మూశాడు.

"నిన్ను పిలుస్తున్నారు. నువ్వు భోజనానికి వెళ్లావు, నీకేం తెలీదు. అంతే చెప్పు."

"నేనెక్కడికీ వెళ్లలేదు సార్. ఫోను ఎత్తింది నేనే. మీకు నిన్ననే చెప్పాను."

"చెప్పావు. నేను వినలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "నేర్చుకునేవాళ్లని ఒంటరిగా సీట్లో కూచోబెట్టబోమని పై ఆఫీసుకి సంతకం పెట్టిచ్చింది ఎవరనుకున్నావు? నువ్వు నోరు తెరిస్తే నీది, ఆవిడది, నాది, ముగ్గురి ఉద్యోగాలూ ఊడతాయి. మూసుకుంటే ఒక్కటే."

"అక్క మీద కేసు కూడా పెడతారంటున్నారు కదా సార్."

"ఆయన బతికాడుగా. అంతదాకా రాదులే." ఆ మాట ఆయనకే నమ్మకంగా లేదు. "అయినా ఆవిడ తీరు అలా ఉంది మరి. 'గొంతు నాదే, మాట్లాడింది నేను కాదు' అంటూ కూచుంది, మరెవరంటే పేరు చెప్పదు. లోపల ఆ వచ్చినావిడ ఈమెకేమైనా మతి చెడిందా అన్నట్టు చూస్తోంది."

గదిలో బల్లకు అటువైపు పై ఆఫీసు నుంచి వచ్చిన ఆవిడ కూర్చుని ఉంది. నెరిసిన క్రాపు, మెళ్లో గొలుసుకు వేలాడే కళ్లజోడు. ఇంగ్లీషు తప్ప మరో ముక్క రాదు. చెడ్డ మనిషిలా లేదు. చిలకను చూడగానే కుర్చీ చూపించి, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపింది. ఇటు పక్కన పెద్దక్క. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. చిలక వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

ఆ చూపులో కోపం ఉన్నా చిలకకు బాగుండేది. కోపం లేదు.

ఆవిడ ముందుగా రికార్డు వినిపించింది. గదంతా ఆ గొంతు పరుచుకుంది, మెత్తగా, నింపాదిగా. వెనకాల పెద్దాయన తలుపు బాదుతున్న చప్పుడు. "హెల్ప్ ఈజ్ ఆన్ ది వే" అన్న మాట దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. ఎగరొప్పుతూ పెద్దాయన, "థాంక్యూ. ఐ విల్ వెయిట్," అన్నాడు. ఆ తర్వాత ఆయన తలుపు కొట్టలేదు. కొట్టి ఉంటే మెట్ల మీద పోయే ఎవరో ఒకరు వినేవారు. వస్తున్నారన్న మాట నమ్మి, కింద కూర్చుని ఎదురుచూశాడు.

చిలక లేచి నిలబడింది. నిన్న మొగుడి చేత సెల్లులో వెతికించి, పొద్దుటిదాకా వల్లించిన రెండు వాక్యాలు ఉన్నాయి ఆమె దగ్గర. వాటినే చెప్పింది. "ఇట్ వాజ్ మీ. ఐ టుక్ ది కాల్."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. వెంటనే ప్రశ్నలు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి, ఆగకుండా. చిలకకు 'సీటు' అన్నది అందింది. 'వై' అన్నది అందింది. ఎందుకు అని అడుగుతోంది. దానికి జవాబు రెండు వాక్యాల్లో పట్టేది కాదు. ఎంత తడుముకున్నా నోట్లో ప్లీజ్ స్టే కామ్ తప్ప ఇంకేమీ లేదు. ఇన్ని నెలలు రాత్రనక పగలనక నేర్చుకున్న ఇంగ్లీషంతా ఇరుక్కున్నవాళ్లకు ధైర్యం చెప్పడానికే. ఇరుక్కున్నవాళ్లు మాట్లాడాల్సిన ఇంగ్లీషు ఒక్క ముక్కా అందులో లేదు. ఇంట్లో ఆ వంతు అత్తగారిది, ఆవిడ దాన్ని తెలుగులోనే కానిచ్చేసేది.

"తెలుగులో చెప్తాను మేడమ్," అంది చివరికి. ఆవిడ మేనేజరు వైపు చూసింది. మేనేజరు ఎంతో వినయంగా తలూపాడు.

చిలక అంతా చెప్పింది. మేడ మీద ట్యాంకు నీడ, మోగిన ఫోను, తన ఆశ, ఇంట్లో పీట, ఆ చిన్న ఆగడం, కదలని కాలు. చెబుతూ చెబుతూ ఏడ్చింది. "అక్కకి ఏ పాపం తెలీదు మేడమ్. ఆ గొంతు నేను అక్క దగ్గర నేర్చుకున్నదే, కానీ తప్పు అక్కది కాదు, నాది," అని ముగించింది.

మేనేజరు దాన్నంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు. అంత పొడుగు ఏడుపు అంత పొట్టి వాక్యం ఎలా అయిందో చిలకకు అర్థం కాలేదు. 'లంచ్' అన్నాడు. 'సిస్టర్' అన్నాడు. చివర్లో గుండె మీద చెయ్యి వేసుకుని జాలిగా నవ్వాడు. అంతే, ఆవిడ మొహం కూడా మెత్తబడిపోయింది. చిలక వైపు తిరిగి, బాధలో ఉన్న పిల్లను చూసినట్టు చూసింది.

పెద్దక్క సగం లేచింది. "ఆ అమ్మాయి చెప్పింది అది కాదు," అని ఇంగ్లీషులో ఏదో అనబోయింది. ఆవిడ అరచెయ్యి చూపించి ఆపేసింది. నీ మీద విచారణలో నువ్వే దుబాసీ పని చేయడం కుదరదన్నది ఆ చేతి అర్థం. న్యాయమే కదా. న్యాయమైన మాట కాబట్టే దాన్ని దాటే దారి లేదు.

"ఏం చెప్పారక్కా ఆయన?" అని చిలక అడిగింది.

"నేనంటే నీకు ప్రాణమట," అంది పెద్దక్క, బల్ల వైపు చూస్తూ. "సొంత అక్క లాంటిదాన్నట. భోజనానికి పోయి వచ్చేసరికి ఇదంతా అయిపోయిందట. నన్ను కాపాడ్డానికి నీ మీద వేసుకుంటున్నావట. నువ్వు మంచిపిల్లవని మెచ్చుకుంటున్నారు."

చిలక మేనేజరును చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కింద లోడింగు షెడ్డులో ఎవరో కొత్త లిఫ్టు తలుపులు దించుతున్నారు. ఇనుము ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు పైకి వినిపిస్తోంది. ఆ షెడ్డు పక్కనే గోడౌను. అక్కడే ఉండిపోయి ఉంటే ఎంత హాయిగా ఉండేదో అనిపించింది చిలకకు. అక్కడ ఎవరికీ ఏ ధైర్యమూ చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆమెకు తోచింది. మాటలతో చెప్పలేనిది వినిపించి చూపించవచ్చు కదా.

కళ్లు మూసుకుంది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది, అలవాటైన గరిట అక్కడ ఉన్నట్టే. "ప్లీజ్ స్టే కామ్," అంది. "ఐ యామ్ హియర్ విత్ యూ. యూ ఆర్ నాట్ అలోన్."

ఆగింది. కుడికాలు దానంతటదే నేలను నొక్కింది. ఈ రెండు రోజుల్లో కాలికి కూడా వచ్చేసింది. ఇప్పుడొచ్చి ఏం లాభం.

"హెల్ప్ ఈజ్ ఆన్ ది వే."

కళ్లు తెరిచేసరికి ఆవిడ చేతిలో పెన్ను కదలడం మానేసింది. ఇద్దరు ఆడవాళ్ల మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. పెద్దక్క నోరు తెరుచుకుని ఉంది. తన గొంతు ఇంకొకరి నోట్లోంచి రావడం తనూ ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

మేనేజరు ఫక్కున నవ్వాడు. నవ్వుతూనే ఏదో చెప్పాడు. 'ప్యారట్' అన్న మాట చిలకకు బాగానే తెలుసు. ఆ పేరు పెట్టింది ఆయనే. ఆఫీసులో అందరినీ ఇలాగే అనుకరించి నవ్విస్తుంది, ఇది దీనికి అలవాటే అని చెబుతున్నాడని చేతులు తిప్పడంలోనే తెలిసిపోయింది.

పై ఆఫీసు ఆవిడ నవ్వలేదు. రికార్డు మళ్లీ పెట్టి వింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆలోచించి, గోడ గడియారం చూసి, బల్ల మీది ఫోను దగ్గరికి లాక్కుంది. ఆస్పత్రిలో పెద్దాయనకు తెలివి వచ్చిందనీ, ఈ వేళకు ఆయన వాంగ్మూలం ఫోనులో తీసుకోవాలనీ ముందే అనుకున్నారట. ఇదంతా పెద్దక్క చిన్నగా చిలకకు చెప్పింది. "మనిద్దరి చేతా ఆయనతో మాట్లాడిస్తారట. ఆ రోజు మాట్లాడింది ఎవరో ఆయన్నే చెప్పమంటారట. ముందు నీచేత మాట్లాడించమన్నాను. ఏమీ ఆలోచించకు. రోజూ అనేదే అను, చాలు."

మేనేజరు నవ్వు మాయమైంది. చిలకకు రెండు రోజుల తర్వాత మొదటిసారి గుండెలు కుదుటపడ్డాయి. ఇంక ఏ దుబాసీ అక్కరలేదు. తనకు బాగా వచ్చిన ఆ నాలుగు వాక్యాలే చాలు. ఉద్యోగం పోతే పోనీ, గోడౌను కూడా పోతే పోనీ, అక్క బయటపడుతుంది.

ఆవిడ ఫోను కలిపి స్పీకరు పెట్టింది. అవతల ఎవరో నర్సు, తర్వాత మంచం కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత సన్నగా ఈల వేస్తున్నట్టున్న ఊపిరి. ఆవిడ ఆయనకు సంగతి వివరించి, ఫోను చిలక ముందుకు తోసింది.

చిలక నోరు తెరిచింది. ప్లీజ్ అన్న మాట పెదాల దాకా వచ్చింది. అంతలో పెద్దాయనే అందుకున్నాడు. మెల్లగా, ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ ఇంగ్లీషులో అడిగాడు. అంత మెల్లగా అడగబట్టి చిలకకు ప్రతి మాటా తెలిసింది. ఒకరు చెప్పకుండా, ఎక్కడా తప్పిపోకుండా, మొదలు నుంచి చివరిదాకా ఒక ఇంగ్లీషు ప్రశ్న ఆమెకు అర్థం కావడం అదే మొదలు.

"నాకు ఒక్కటే తెలియాలి తల్లీ. సాయం వస్తోందని నాకు చెప్పినప్పుడు, ఎవరూ రావడం లేదని నీకు తెలుసా?"

నాలుగు వాక్యాలూ నోట్లో వరసగా నిలబడే ఉన్నాయి. అనెయ్యాలి, అంతే. అక్క కోసం అనెయ్యాలి. కానీ ఆ మాట నమ్మి తలుపు కొట్టడం మానేసిన మనిషితో, ఊపిరి అందక మంచం మీద ఉన్న మనిషితో, మళ్లీ అదే గొంతుతో సాయం వస్తోందని ఎలా అనడం?

"నో," అంది. "నో సర్. నాట్ నో. ఐ... సారీ సర్." తెలీదు సార్ అని చెప్పడం అది.

అది పెద్దక్క గొంతు కాదు. గోడౌనులో అటక మీది మనిషికి నట్ల సైజులు అరిచి చెప్పే గొంతు, ఏడుపుకి గీరుకుపోయిన గొంతు. ఆమె ఇంగ్లీషులో సొంతంగా చెప్పిన మొదటి మాటలు అవే. అందులో ఒక్కటీ అబద్ధం లేదు.

అవతల మంచం మళ్లీ కిర్రుమంది.

"ఈ అమ్మాయి కాదు," అన్నాడు పెద్దాయన. "ఎవరో పాపం, బాగా భయపడుతోంది. ఆ రోజు మాట్లాడినామె భయపడలేదు."

చిలక ఫోను మీదికి వంగింది. "ప్లీజ్ స్టే కామ్," అంది గబగబా. "ఐ యామ్..." వెక్కిళ్లు అడ్డం వచ్చాయి. రాగం ఎంత పిలిచినా రాలేదు.

"ఫరవాలేదమ్మా," అని పెద్దాయనే ఆమెను ఓదార్చాడు. "నీ తప్పేం లేదు. ఆమెకు ఇవ్వు ఫోను."

మేనేజరు జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. పై ఆఫీసు ఆవిడ చిలక చేతుల కిందినుంచి ఫోనును మెల్లగా లాగి, పెద్దక్క ముందు పెట్టింది. పెద్దక్క దాన్ని దగ్గరికి జరుపుకుంది. గొంతు మార్చి మాట్లాడుతుందేమోనని చిలక ఆశపడింది. కీచుగానో బొంగురుగానో, ఎలాగోలా. కానీ ఇన్నేళ్లుగా, ఎవరు ఏ భయంలో ఉండి పిలిచినా, పెద్దక్క ఫోనెత్తి మాట్లాడింది ఒకే ఒక్క గొంతుతో.

"హలో," అంది పెద్దక్క.

అవతల ఈల ఊపిరి ఒక్కసారి ఆగింది.

"అదిగో," అన్నాడు పెద్దాయన. "ఈమే."